గురువారం మేడం

నా మొగుడు నాతో మాట్లాడడం మానేసి, ఇంకొక ఆడదానితో గంటల తరబడి మాట్లాడిన ఎండాకాలం అది. ఆ ఆడదాని దగ్గరకు ఆయన్ని రెక్క పట్టుకుని తీసుకుపోయింది మళ్ళీ నేనే. ఎవరితో చెప్పుకోను? చెప్పుకుంటే నవ్విపోరూ!

తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్లకు పోయే రోడ్డు మొదట్లో నాదొక బజ్జీల బండి. పొద్దున బొరుగుల ఉగ్గాని, బజ్జీ. సాయంత్రం ఉత్త బజ్జీ. మా ఆయన ఓబిలేష్ అదే రోడ్డులో ఒక యూనిట్‌లో క్రేన్ నడిపేవాడు. క్రేన్ అంటే ఎక్కి కూర్చునేది కాదు. అది షెడ్డు పైన పట్టాల మీద తిరుగుతుంది, కింద మనిషి వైరుకు వేలాడే బటన్ల పెట్టె పట్టుకుని నడుపుతాడు. రాతి పలకలకు గొలుసులు కట్టేవాడు ఆంజినప్ప. పదేళ్ళుగా ఇద్దరూ ఒక జత. నా బండి దగ్గరకు వచ్చినా ఇద్దరూ కలిసే వచ్చేవాళ్ళు, ఒకే ప్లేటు తీసుకుని కొట్లాడుకుంటూ తినేవాళ్ళు.

శివరాత్రికి ముందు ఒక మధ్యాహ్నం, గాల్లో ఉన్న పలక ఊగి ఆంజినప్ప మీద పడింది. మనిషి అక్కడికక్కడే పోయాడు. మా ఆయనకు గోటి గీత కూడా పడలేదు. గొలుసు జారిందన్నారు. పోలీసులు వచ్చి రాసుకున్నారు, ఊరు కొన్నాళ్ళు అదే మాట్లాడుకుని వేరే మాటల్లో పడింది.

మా ఆయన మాత్రం ఆ రోజు ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అంతే, మళ్ళీ ఇటు తిరగలేదు. పనికి పోడు. పిలిస్తే పలకడు. మా ఊర్లో బండ కోసే చప్పుడు వినపడని చోటు ఎక్కడుంది? చెవుల్లో దూది కుక్కుకుని కూర్చునేవాడు. వీధిలో లారీ తలుపు దబ్బున పడితే మంచం కోడు పట్టుకుని వణికేవాడు. యూనిట్ల రోడ్డు దిక్కు చూడడు, నా బండి ఆ రోడ్డు మీదే ఉంది కాబట్టి నా బండి దిక్కూ రాడు.

మా అత్త చెన్నమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. నేను బతిమాలాను, ఏడ్చాను, ఆఖరుకు తిట్టాను. నేను నోరు తెరిస్తే లారీవాళ్ళే హారన్ ఆపుతారని మా రోడ్డులో పేరు. ఆయన దగ్గర ఆ నోరు కూడా పని చేయలేదు.

ఉగాది దాటాక పెద్దాస్పత్రికి తీసుకుపోయాను. నర్సమ్మ ఆయన్ని డాక్టరుకు చూపించి వచ్చి, "ఒంట్లో ఏం జబ్బు లేదమ్మా. గురువారం తోలుకొని రా. అనంతపురం నుంచి మేడం వస్తాది, మనసుకు చూసే మేడం" అంది.

మేడం అంటే కళ్ళద్దాల పెద్దావిడ ఎవరో అనుకున్నాను. చూస్తే ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. నూలు చీర, పొడుగు జడ, చేతికి వాచీ. పేరు కృపాకుమారి అంది.

"ఒక సూది వేసి ఈయప్పను మాట్లాడించండి మేడం" అన్నాను.

"నేను సూదులేసే డాక్టరును కాదక్కా, సైకాలజిస్టును. నా దగ్గర మాటలే ఉంటాయి."

"మాటలు నా దగ్గర తక్కువా?"

ఆమె నవ్వింది. నన్ను కూర్చోబెట్టి అన్నీ అడిగింది. నిద్ర, తిండి, చప్పుళ్ళు, ఉలికిపాటు, అన్నీ చెప్పాను. ఆయన నా పక్కనే కూర్చుని నేల చూస్తున్నాడు. నేను చెప్పడం అయ్యాక, "సరేనక్కా, ఇంగ మీరు బయట కూర్చోండి" అంది.

"నేను పెండ్లాన్ని."

"తెలుసక్కా."

"నాకు తెలియని మాట ఈయప్ప కడుపులో ఏముంటాది?"

"ఉండకపోవచ్చు. అయినా బయట కూర్చోండి."

తలుపు వేసేసింది, నా మొహం మీదే.

బయట బల్ల మీద కూర్చున్నాను. మొదట లోపల ఏ చప్పుడూ లేదు. నిజం చెప్పాలంటే సంతోషించాను. తాళి కట్టిన దాంతోనే మాట్లాడనోడు నీతో మాట్లాడతాడా, కూర్చో అలాగే, అనుకున్నాను. కొంతసేపటికి ఒక మగగొంతు వినిపించింది. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందంటే, లోపలికి ఇంకెవరో పోయారేమో అనుకున్నాను. ఆయనే. మాటలు అర్థం కావడం లేదు కానీ ఆగకుండా మాట్లాడుతున్నాడు. తలుపుకు చెవి ఆనించబోతే వార్డుబాయ్ చూశాడు, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగాను.

దేవుడా, మాట తెప్పించావు, అని దండం పెట్టుకున్నాను. దండం పెట్టిన చేతులు దించకముందే కడుపులో మంట మొదలైంది. నేను అన్నం ముద్ద చేతిలో పెట్టుకుని, కాళ్ళు పట్టుకుని, ఒక్క మాట అని అడుక్కుంటే రాని గొంతు, ఈమె కుర్చీ చూపిస్తే వచ్చేసిందా?

బయటికి వచ్చాక, "ఏమడిగిందప్పా?" అన్నాను.

"ఏంలే."

"నువ్వేం చెప్పినావు?"

"ఏంలే."

నా వంతుకు వచ్చినవి ఆ రెండు మాటలు.

ఆ తర్వాత ప్రతి గురువారం అదే తంతు. బుధవారం సాయంత్రం నుంచే ఆయన మనిషి కుదురుగా ఉండడు. గురువారం పొద్దున గడ్డం గీసుకుంటాడు, ఇస్త్రీ చొక్కా అడుగుతాడు. నన్ను పెళ్ళిచూపులకు వచ్చిన రోజు గడ్డంతో వచ్చిన మనిషి ఈయన! చొక్కా ఇస్త్రీ చేసిచ్చేది నేను. కాలిపోతే బాగుండు అనుకుంటూనే జాగ్రత్తగా చేసేదాన్ని.

ఫోన్ ముచ్చట మరీ ఘోరం. ఆయన బయటికి పోయినప్పుడు నేను చేస్తే ఎత్తడు. మోగి మోగి ఆగిపోతుంది. అడిగితే "చూడలేదు" అంటాడు. ఆ మేడం చేస్తే మాత్రం రెండోసారి మోగనివ్వడు, వాకిట్లోకి పోయి మాట్లాడి వస్తాడు. అలా వచ్చినప్పుడు ఆయన మొహం కొంచెం తెరిపిగా ఉండేది. ఆ తెరిపి చూసి సంతోషించాలో ఏడవాలో తెలిసేది కాదు. ఎక్కువగా ఏడుపే వచ్చేది.

తలుపు సందులోంచి ఒక మాట మాత్రం నాకు తెలిసిపోయింది. ఆమె ఉండుండి, "ఇప్పుడు భయం ఎంతుంది? పదికి ఎంత?" అని అడుగుతుంది. ఆయన ఒక అంకె చెబుతాడు. ఇంతేనా, ఇది నాకు రాదా, అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం బండి మూసేసి ఇంటికి వచ్చి, స్టూలు లాగి ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆమె లాగే చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. "ఇప్పుడెట్ల ఉండాదప్పా నీకు? పదికి ఎంత?" అన్నాను. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాను. పాడు గొంతు, ఎగతాళిగానే వచ్చింది.

ఆయన నా మొహం కేసి చాలాసేపు చూశాడు. పెదవి కదిలింది. చెప్తాడు, చెప్తున్నాడు, అనుకున్నాను.

"నీతో గాదు మే" అన్నాడు. "ఎవరితోనైనా చెప్తా గానీ, నీతో గాదు."

లేచి వాకిట్లోకి పోయాడు. నేను ఆ స్టూలు మీదే కూర్చుండిపోయాను. పరాయి మనిషి చెంప మీద కొట్టినా అంత మండదు.

తర్వాతి గురువారం ఆ మేడం బస్సుకు పోతూ నా బండి దగ్గర ఆగింది. "అక్కా, మీ బజ్జీలు బాగుంటాయని ఆస్పత్రిలో అందరూ చెప్తాండారు. రెండు పెట్టండి." బజ్జీకి మేము వాడేది లావు మిరపకాయ, దానికి కారం ఉండదు. ఊరిబిండి పచ్చడిలోకి నూరుకునే సన్న మిరపకాయలు వేరే డబ్బాలో ఉంటాయి. ఆ డబ్బా తీశాను. ఒక్కొక్క బజ్జీలో రెండు రెండు దాచి, బాగా పిండి పట్టించి, ఎర్రగా కాల్చి, పేపర్లో పెట్టి ఇచ్చాను.

కొరికింది. ముక్కు ఎర్రబడింది. కళ్ళ నుంచి బొటబొటా నీళ్ళు కారాయి. నీళ్ళ చెంబు అందిస్తూ ఆమె మొహమే చూస్తున్నాను. కోపం తెచ్చుకుని ఉమ్మేస్తుందనుకున్నాను. ఉమ్మలేదు. చెంబుడు నీళ్ళు తాగి, రెండోది కూడా తినేసింది.

"బాగుండాయక్కా. రొంత కారం."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మా ఆయప్ప నీతో ఏం మాట్లాడతాడు?" అని అడిగేశాను.

"అది ఆయన మాటక్కా. నేను ఇచ్చేది కాదు."

"నా మొగుని మాట నాకిచ్చేకి నీ పర్మిషన్ గావల్లనా?"

"నాది కాదు, ఆయనది కావల్ల."

"నా గురించి ఏమన్నా చెప్పినాడా?"

నోరు తుడుచుకునే వంకతో ఆగింది. "అది కూడా ఆయన్నే అడగల్లక్కా" అంది.

"అడిగితే చెప్పేటట్లుంటే నీ కాడికి ఎందుకు తోలుకొని వస్తా?"

"చెప్తాడు. ఆ దావలోనే ఉండాడు. మీరు తొందరపెట్టొద్దండి."

బస్సు వచ్చింది, ఎక్కిపోయింది. ఆమె ఆగిన ఆ ఒక్క క్షణం నా దగ్గర ఉండిపోయింది. ఏదో ఉంది. నా గురించే ఏదో ఉంది. నేను మంచిదాన్ని కాదని చెప్పాడా? నోటి తీటదాన్నని చెప్పాడా? నాతో బతకడం కష్టంగా ఉందని చెప్పాడా? బజ్జీలు వేస్తున్నా, గిన్నెలు తోముతున్నా ఇదే గోల. ఎండ ముదిరేకొద్దీ నా కుళ్ళు కూడా ముదిరింది.

నా బండి పక్కన రామలక్ష్మమ్మ పూలమ్ముతుంది. ఎవరింట్లో ఏ కూర మాడిందో ఆమెకే ముందు తెలుస్తుంది. ఒక గురువారం ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, పూలబుట్ట దించుతూనే నా చెవి దగ్గరకు వచ్చింది.

"ఏమ్మే హేమా, మీ ఆయప్ప ఆ మేడంతో యూనిట్ల దావలో నడుచుకుంటా పోతాండాడు. పక్కపక్కనే. మాట్లాడుకుంటా. నేను చూసీ చూడనట్ల వచ్చేసినా."

"చూడనట్ల వచ్చిండేదానివి నాకెందుకు చెప్తాండావు?" అన్నాను. అన్నానే గానీ స్టవ్ ఆపేశాను.

ఆంజినప్ప పోయినప్పటి నుంచి ఆయన ఆ రోడ్డు తొక్కలేదు. నా బండికి ఒక్కపూట రమ్మని నేను ఎంత మొత్తుకున్నా రాలేదు. ఊరంతా చుట్టి వెనక సందులోంచి పోయేవాడు. అలాంటిది ఆమె పక్కన నడుస్తున్నాడా? అదీ పట్టపగలు, నా బండి ముందు నుంచి కాకుండా అవతలి దిక్కు నుంచి? చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నానో లేదో కూడా గుర్తులేదు. పరుగులాంటి నడక నడిచాను. దారిలో కూలీలు పక్కకు తప్పుకుంటుంటే ఎందుకో అర్థం కాలేదు.

ఆ యూనిట్ గేటు ఎదురుగా ప్రహరీ గోడ పక్కన కొంచెం నీడ ఉంది. ఆ నీడలో కనబడ్డారు ఇద్దరూ.

ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళు గట్టిగా పట్టుకున్నాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. పళ్ళు కొట్టుకుంటున్నాయి. లోపల మిషన్ రాయిని కోస్తోంది, ఆ చప్పుడుకు ఒళ్ళంతా అదురుతోంది. ఆమె ఆయనకు దూరంగా, చెయ్యి చాపినా అందనంత దూరంలో, దుమ్ములో గొంతుక్కూర్చుని ఉంది. నూలు చీర అంచంతా రాతిపొడి.

"ఇప్పుడు ఎంత?" అని అడిగింది.

"తొమ్మిది."

"సరే. ఈడనే ఉందాం, యాడికీ పోవద్దు. ఏం వినపడతాంది?"

"మిషను."

"ఇంకా?"

"గొలుసు. గొలుసు మేడం." గొంతు చిన్నపిల్లవాడి గొంతులా ఉంది.

నా కోపం ఎక్కడ పోయిందో! "అప్పా!" అని పరిగెత్తాను. ఆమె వెనక్కి తిరగకుండానే చెయ్యి ఎత్తింది. "అక్కా, ఆడనే."

"చచ్చిపోయేటట్లుండాడు! ఆ చెమట జూడు!"

"చావడు. నమ్మండి. ఇప్పుడు మీరు పోయి పట్టుకుంటే, మీరు పట్టుకున్నందుకే బతికినా అనుకుంటాడు. మీరు లేనప్పుడు మళ్ళీ ఇదే. దానంతట అదే తగ్గుతాదని ఆయనకే తెలియల్ల."

కొంగు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. నా మొగుడు నా కళ్ళ ముందు వణుకుతుంటే ఆ చెమట తుడిచే హక్కు నాకు లేదు. ఎప్పుడు తుడవకూడదో తెలిసిన మనిషి ఆమె. ఆ చదువు మీద, ఆ నిబ్బరం మీద, ఆ దుమ్ము చీర మీద కూడా నాకు కుళ్ళు పుట్టింది. పోయి ఆమె జడ పట్టుకుని లేపి, ఆ చోట నేను కూర్చోవాలనిపించింది.

ఆమె అడుగుతూనే ఉంది. ఆయన అంకె చెబుతూనే ఉన్నాడు. ఎనిమిదన్నాడు. మళ్ళీ తొమ్మిదన్నాడు. ఎంతసేపటికో ఆరు అన్నాడు. లోపల మిషన్ ఆగలేదు, గొలుసు చప్పుడు ఆగలేదు, కానీ ఆయన చేతులు మోకాళ్ళను వదిలాయి.

"నాలుగు మేడం" అన్నాడు. తల ఎత్తాడు. నన్ను చూశాడు. నా చేతి దిక్కు చూశాడు. అప్పుడు నేనూ చూసుకున్నాను. నూనె అంటిన జల్లిగంటె నా చేతిలోనే ఉంది.

"నన్ను కొట్టేకొచ్చినావా మే?"

"నిన్ను గాదు, ఆమెను" అన్నాను.

ఆయన నవ్వాడు. శివరాత్రి నుంచి చూడని నవ్వు. ఆమె చీర దులుపుకుంటూ లేచి, "సన్న మిరపకాయలు చాల్లేదా అక్కా?" అంది. సిగ్గుతో నా తల భూమిలోకి పోయింది.

నవ్వు సరే. ఆ నాలుగన్న అంకె ఆమెకే చెప్పాడు కదా. ఇంటికి పోయేదాకా అదే నములుతూ ఉన్నాను.

ఆదివారం పొద్దున ఆయన తనంతట తానే వచ్చి నా పక్కన కూర్చున్నాడు, మిరపకాయలకు గాట్లు పెట్టడానికి. నేను శనగపిండి కలుపుతున్నాను. కొన్ని కాయలు కోశాక, "మే" అన్నాడు.

"ఏమి?"

"ఆ పొద్దు నువ్వు ఫోన్ చేసినావు."

"ఏ పొద్దు?"

ఆయన చాకు కింద పెట్టాడు. "పలక పైనుండాది. ఆంజి గొలుసు సర్దుతాండాడు. జేబులో ఫోన్ మోగింది. నీ నంబరుకు వేరే పాట పెట్టుకొనింటి గదా, చూడకుండానే నువ్వని తెలిసింది. జేబు దిక్కు చూసినా. అంతే, చూసిండేది అంతే. వేలు బటన్ మీదుండాది, పలక ఊగింది." తన బొటనవేలు నాకు చూపించాడు. మామూలు వేలే, గోట్లో మిరపగింజ ఇరుక్కుని ఉంది.

పిండిలో ఉన్న నా చెయ్యి పిండిలోనే ఉండిపోయింది.

"నీకు చెప్తే నువ్వు మోస్తావు" అన్నాడు. "ఇంట్లో ఇద్దరం గోడ దిక్కు తిరిగి పండుకుంటే ఎట్ల మే? అమ్మకు బువ్వ ఎవరు పెట్టల్ల?"

ఇంత మాట విన్నాక ఏ ఆడదైనా ఏమంటుంది? మొగుణ్ణి పట్టుకుని ఏడుస్తుంది. నా నోటి నుంచి వచ్చింది మాత్రం ఇది: "ఆ మేడంకు తెలుసా?"

"మొదటి గురువారమే చెప్పినా."

అంటే అన్నాళ్ళూ ఆమెకు తెలుసు. నన్ను చూసి నవ్వినప్పుడు, అక్కా అని పిలిచినప్పుడు, నా బండి ముందు నిలబడి నేను పెట్టిన కారం తిని కళ్ళు తుడుచుకున్నప్పుడు, తెలుసు. నా బతుకులో జరిగింది నాకంటే ముందు ఆమెకు తెలుసు. నిజం చెప్తున్నాను, ఆంజినప్ప కంటే, మా ఆయన బొటనవేలి కంటే, ముందు నన్ను పొడిచింది అదే. తర్వాత మిగిలినవన్నీ వచ్చి పొడిచాయి.

"ఒకటి అడగల్ల" అన్నాడు ఆయన. "అప్పటినుంచి ఇదే బుర్ర తినేస్తాంది. ఆ పొద్దు ఎందుకు చేసినావు మే?"

ఎందుకు చేశాను? ఆలోచించాను. బజ్జీల్లోకి ఎర్రగడ్డలు అయిపోయాయనా? గ్యాస్ బండ రాలేదనా? అత్త మాత్రలు తెమ్మనా? రోజుకు పదిసార్లు చేసేదాన్ని. తిన్నావా అని చేసేదాన్ని, తినలేదంటే తిట్టడానికి మళ్ళీ చేసేదాన్ని. ఆ రోజుది ఎందుకో ఎంత వెతికినా దొరకలేదు. ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. ఆయన మొహం చూశాక కల్పించలేకపోయాను.

"గుర్తులేదప్పా."

"ఒట్టు?"

"ఒట్టు."

తల ఊపాడు. చాకు తీసుకుని ఇంకొక కాయ కోశాడు.

ఆ గురువారం ఆయన కంటే ముందు నేను పోయి ఆమె ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. ఫోన్ ముట్టుకోవాలంటేనే భయంగా ఉందని చెప్పాలని పోయాను. నోరు తెరిస్తే వచ్చింది వేరు.

"ఇంత తెలిసి నన్ను చూసి ఎట్ల నవ్వుతాంటివి మేడం?"

"నవ్వకపోతే మీకు అనుమానం వస్తాది కదక్కా" అంది. "మీ బండి కాడ మీరు అడిగినప్పుడు చెప్పలేక నేను పడిన కష్టం దేవునికి తెలుసు. ఆ మిరపకాయలే నయం."

"నాదే తప్పా మేడం?"

"మీకేమనిపిస్తాంది?"

"నన్నే అడుగుతావేమి, చదువుకున్నదానివి నువ్వు చెప్పు!"

ఆమె నేను ఏడ్చేదాకా ఆగి, ఏడుపు అయిపోయేదాకా ఆగి, ఆ తర్వాత చెప్పింది. ఏం చెప్పిందో నేనూ చెప్పను. అది నా మాట. బయటికి వస్తే బల్ల మీద మా ఆయన. "ఏమడిగిందే?" అన్నాడు.

"ఏంలే" అన్నాను. ఆ మాటలో ఎంత సుఖముందో అప్పుడు తెలిసింది.

ఆయన భయాలన్నిటినీ ఆమె మెట్లుగా పేర్పించిందట. చిన్న భయం కింద, పెద్దది పైన. రోడ్డు, గేటు, షెడ్డు, క్రేన్, ఆ మెట్లన్నీ ఎక్కేశాడు. పైన ఒక్కటే మిగిలింది. అది తానే పెట్టుకున్నాడట, మొదట్లోనే. ఆ షెడ్డులో నిలబడి నా ఫోన్ ఎత్తడం.

ఏరువాక దగ్గర పడింది కానీ ఎండ తగ్గలేదు. యూనిట్‌లో మధ్యాహ్నం భోజనాలకు మిషన్లు ఆపిన వేళ, యజమాని ఒప్పుకున్నాక, ఆయన ఒక్కడే లోపలికి పోయాడు. చేతిలో బటన్ల పెట్టె లేదు, జేబులో ఫోన్ ఉంది. మేడం ఆయన వెంటే పోతుందనుకున్నాను. ఎప్పుడూ అంతే కదా. చూస్తే నా బండి దగ్గరకు వచ్చి, నా స్టూలు లాక్కుని, నా పక్కన కూర్చుంది.

"నువ్వు ఆడికి పోలేదా?"

"ఆయనకు ఈ పొద్దు నాతో పని లేదక్కా. మీకు ఉంటాదేమో అని."

బాణలిలో అప్పుడే వాయి వేశాను. చేతులు ఊరికే ఉంటే పిచ్చెక్కుతుందని వేశాను. ఫోన్ కొంగుకు తుడిచాను. మళ్ళీ తుడిచాను.

"పదికి ఎంతక్కా?"

"పది" అన్నాను. "పదిహేను."

"సరే. చెయ్యండి."

చేశాను. మోగుతోంది. ఆ షెడ్డులో, ఆ పట్టాల కింద, ఆ పాట మోగుతూ ఉంటుంది. ఆయన జేబు దిక్కు చూస్తూ ఉంటాడు. మోగి మోగి ఆగిపోయింది.

"ఎత్తలేదు. నాతో గాదు మేడం. ఆయప్పకు ఏమన్నా అయితే?"

"మళ్ళీ చెయ్యండి."

"నువ్వు చెయ్యి. నీదైతే ఎత్తుతాడు."

"అందుకే నేను చెయ్యను" అంది.

మళ్ళీ చేశాను. ఈసారి మోగుతుండగానే తెగింది. కట్ చేశాడనుకున్నాను. కాదు. ఊపిరి వినపడుతోంది. పెద్ద పెద్ద ఊపిరి. దాని వెనక ఖాళీ షెడ్డు. ఏం అడగాలో పొద్దున్నించి అనుకుని పెట్టుకున్న మాటలన్నీ, తిన్నావా, ఎట్లుండావు, అన్నీ ఎగిరిపోయాయి.

"చెప్పు మే" అన్నాడు. "ఎందుకు చేసినావు?"

"ఏం లేదప్పా. ఊరికే చేసినా."

"ఊరికేనా?"

"ఊరికే."

"అయితే పెట్టొద్దు" అన్నాడు. "రొంతసేపు అట్లనే ఉండు."

బాణలిలో బజ్జీలు నల్లబడుతున్నాయి. మేడం లేచి జల్లిగంటె తీసుకుని వాటిని తిప్పబోయింది. ఎంత చదువు చదివినా ఆ పని చేతకాదు ఆమెకు, నూనె చింది చెయ్యి చురుక్కుమంది. ఆమె చెయ్యి నోట్లో పెట్టుకోవడం చూస్తూనే ఉన్నాను. ఫోన్ మాత్రం పెట్టలేదు.